లేని నంబరు దొరికిన దారి

డోర్నకల్ జంక్షన్ దగ్గర ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. సీజన్ అయిపోయాక యజమాని రసీదులు ముందేసుకుని కూర్చున్నాడు. 1 నుంచి 1000 దాకా ఉండాల్సిన నంబర్లలో కొన్ని కనబడటం లేదు. కంప్యూటర్లో ఎక్కించిన లెక్కను అడిగితే ఉన్నవాటినే చూపిస్తుంది. లేనివాటి సంగతి దానికేం తెలుసు? లేనిది తేలాలంటే ముందు పూర్తి వరుస ఒకటి చేతిలో ఉండాలి. ఇంత చిన్న కోరిక తీరడం వెనక పెద్ద కథే ఉంది.

2000లో రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రామర్ అమెరికా యుద్ధనౌక కోసం పనిచేస్తున్నాడు. ఓడలో పైపు పగిలితే ఏ వాల్వులు మూయాలో చెప్పే ప్రోగ్రాం అది. డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ప్రోగ్రాం ఆగిపోయేది, నింద మాత్రం ప్రోగ్రాం రాసినవాళ్ల మీద పడేది. మధ్యలో ఈ సర్వర్ ఎందుకు, ఫైలునే నేరుగా చదివితే సరిపోదా అనుకున్నాడు హిప్. అలా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పుట్టింది, అదీ టీసీఎల్ అనే స్క్రిప్టు భాషకు తోడుగా. 2006లో పైథాన్ అనే మరో భాష, తన 2.5 వెర్షన్ నుంచి, ఎస్‌క్యూలైట్‌ను తనతోపాటే ఇవ్వడం మొదలుపెట్టింది.

అంకెల వరుసను పుట్టించే ఏర్పాటు మాత్రం అప్పట్లో ఎస్‌క్యూలైట్‌లో లేదు. కొందరు స్క్రిప్టులో లూపు తిప్పి ఒక్కో నంబరూ పట్టికలో వేశారు. ఒక్కో నంబరూ ఒక విడి ట్రాన్సాక్షన్‌గా, అంటే విడిగా డిస్కులో ఖాయం చేసే పనిగా, జరిగితే ప్రతిసారీ డిస్కు రెండు చుట్లు తిరిగేదాకా ఆగాల్సి వచ్చేది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కయినా సెకనుకు అరవై నంబర్లే రాసేది. వెయ్యికి పదహారు సెకన్ల పైమాటే! అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టేస్తే వేగం వచ్చింది కానీ, అక్కరలేని పట్టిక ఒకటి మిగిలేది. ఇంకొందరు 0 నుంచి 9 దాకా పది అంకెల పట్టిక పెట్టుకుని, దాన్నే మూడుసార్లు తీసుకుని ఒకదానితో ఒకటి కలిపి వెయ్యి వరుసలు రాబట్టారు. నాకు ఈ ఉపాయం ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది. పదివేలు కావాలంటే మాత్రం మళ్లీ రాయాలి.

అసలు దారి, డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 1999 నుంచే ఉంది. ఈ చిన్న డేటాబేస్‌కు అది చేరింది 2014 ఫిబ్రవరి 3న, 3.8.3 వెర్షన్‌తో. పేరు విత్ రికర్సివ్. స్టేషన్లో టికెట్ కిటికీ ముందు క్యూను తలుచుకోండి. మొదట 1 ఒక్కటే నిలబడి ఉంది. అది కిటికీ దాటుతూ, తనకు ఒకటి కలిపి 2ను తన చోట నిలబెట్టి వెళ్తుంది. 2 వెళ్తూ 3ను నిలబెడుతుంది. పట్టిక అక్కరలేదు, స్క్రిప్టులో లూపూ అక్కరలేదు. పైథాన్ నుంచి ఒక్క ప్రశ్న పంపితే చాలు.

మన దుకాణదారు ఆ వెయ్యి నంబర్లలోంచి, ఎక్సెప్ట్ అనే మాటతో, ఉన్న రసీదులను తీసేస్తాడు. మిగిలినవే తప్పిపోయినవి. మీరూ చేసి చూడండి. ‘వెయ్యి లోపు’ అన్న షరతు మాత్రం రాయడం మరవకండి. అది లేకపోతే ఆ క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు.