ఇంటి ఫేస్‌ప్యాక్‌లు (జంషెడ్‌పూర్)

పిండి, మట్టి, పెరుగు, తేనె వంటి ఇంటి సరుకులను కలిపి ముఖానికి పట్టించి, కాసేపాగి కడిగేసుకునే లేపనమే ఫేస్‌ప్యాక్. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో దీనికి రెండు పాత సంప్రదాయాలు తోడున్నాయి. బిహారీ ఇళ్లలో ఉబ్టన్, తెలుగు ఇళ్లలో నలుగు. రెండిటికీ ఆధారం పప్పుల పిండీ, పసుపూ. పెళ్లిళ్లలో రెండూ తప్పనిసరి.

ఇక్కడ తెలుగు ఇళ్లు ఉండటానికి కారణం ఉక్కు కార్ఖానా. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ అనే ఊళ్లో తొలి ఉక్కు 1912లో తయారైంది, 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. కార్ఖానా పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారు కట్టుకున్నదే.

చర్మ రకం, ఋతువు

చర్మాన్ని జిడ్డు, పొడి, మిశ్రమ, సున్నిత, సాధారణ రకాలుగా చెప్పడం వాడుక. అయితే జంషెడ్‌పూర్‌లో ఈ లెక్క ఏడాది పొడవునా ఒకేలా నిలవదు. మే నెలలో పగటి వేడి తరచు 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ మధ్యలో వర్షాలు మొదలయ్యాక ఉక్కపోత. జనవరి రాత్రుళ్లు సుమారు 10 డిగ్రీల దాకా చల్లబడి, గాలిలో తేమ తగ్గిపోతుంది. వానకాలంలో ముక్కు మీద జిడ్డు తేలే మనిషికే సంక్రాంతి నాటికి బుగ్గలు పొట్టు లేస్తాయి. అందుకని ప్యాక్ ఎంచుకునే ముందు ఆ వారం ముఖం ఎలా ఉందో చూసుకోవాలి. సబ్బు వాడకుండా నీళ్లతో కడిగి, తుడిచి, అరగంట ఏమీ రాయకుండా ఉంటే సంగతి తెలుస్తుంది. నుదురూ ముక్కూ మెరిస్తే జిడ్డు, బుగ్గలు బిగుసుకుంటే పొడి, రెండూ కనబడితే మిశ్రమం.

జిడ్డు చర్మానికి ముల్తానీ మట్టి మంచిది. దాని సన్నని రేణువులు నూనెను తమ ఉపరితలానికి పట్టుకుంటాయి. రెండు చెంచాల మట్టిని గాజు గిన్నెలో వేసి, పన్నీరు కొద్దికొద్దిగా పోస్తూ, చెంచాతో ఎత్తితే జారకుండా నిలిచేంత చిక్కగా కలపాలి. కళ్ల చుట్టూ, పెదవుల మీద పూయకూడదు. అంచులు తెల్లబారి, మధ్యలో ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే కడిగేయాలి. పెళుసుగా ఎండి, నవ్వితే బీటలు వారేదాకా ఉంచడమే ఎక్కువమంది చేసే పొరపాటు. అప్పటికి మట్టి జిడ్డుతోపాటు చర్మంలోని నీటినీ లాగేసి ఉంటుంది. మిశ్రమ చర్మానికి ఇదే మట్టిని నుదురు, ముక్కు, గడ్డం వరకే రాసి, బుగ్గలకు పెరుగు రాయాలి.

పొడి చర్మానికి మట్టి పడదు. తేనె నీటిని పట్టి ఉంచుతుంది, మీగడలోని కొవ్వు ఆ తేమను ఆవిరి కానివ్వదు. చెంచా మీగడ, అరచెంచా తేనె, పట్టు కోసం చిటికెడు పెసరపిండి చాలు. భోగినాడు నువ్వుల పిండితో నలుగు పెట్టుకునే ఆచారం చలికాలపు పొడి చర్మానికి చక్కగా సరిపోయింది. నువ్వుల్లో దాదాపు సగం నూనే.

సున్నితమైన చర్మానికి మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను నీళ్లతో కలిపి రాయడం మేలు. కలబంద వాడేట్టయితే, మట్టను కోసి నిలబెట్టి, కారే పసుపురంగు రసం పోయాకే లోపలి గుజ్జు తీయాలి. ఆ రసమే దురద పుట్టిస్తుంది. సాధారణ చర్మానికి అప్పుడప్పుడూ సెనగపిండీ పెరుగూ సరిపోతాయి.

జాగ్రత్తలు

ఇంట్లోదయితే హాని ఉండదన్న నమ్మకాన్ని గట్టిగా కాదనాలి. ఆరోగ్యకరమైన చర్మం పైపొర పీహెచ్ 5కి అటూఇటూగా ఉంటుంది. నిమ్మరసానిది 2 దరిదాపుల్లోనే. పైగా నిమ్మలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినంత పని చేస్తాయి, నల్లని మచ్చలు నెలల తరబడి మిగులుతాయి. వంటసోడా క్షారం, అదీ పనికిరాదు.

నలుగుకు వాడే సున్నిపిండిలో వేసే బావంచాల గింజల గురించి మరీ చెప్పాలి. వీటిలో సొరాలెన్ ఉంటుంది. ఆయుర్వేదం బావంచాలను బొల్లికి వాడింది. ఆధునిక వైద్యంలో సొరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పట్టించే చికిత్సను 1974లో సోరియాసిస్‌కు ప్రకటించారు. అంటే చర్మానికి ఎండ సోకే గుణాన్ని పెంచడమే సొరాలెన్ పని. ఒంటికి రుద్ది వెంటనే కడిగేసుకునే స్నానపు పిండిలో కొంచెం ఉండటం వేరు, అదే పిండిని ముఖానికి పట్టించి అరగంట కూర్చుని మే నెల ఎండలోకి వెళ్లడం వేరు. ముఖానికి వాడే పొడిలో బావంచాలు వేయకపోవడమే మంచిది.

పసుపులో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ అనే రంగులు కలిపే కల్తీ ఉంది కాబట్టి కొమ్ములు కొని ఇంట్లో దంచుకోవాలి. దేన్నయినా మొదట మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు ఆగి చూడాలి. చీము పట్టిన మొటిమల మీద పిండి రుద్దకూడదు. పచ్చి గుడ్డు తెల్లసొనలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశముంది కనుక దాన్ని ప్యాక్‌లో కలపకూడదు. ఏ ప్యాక్ అయినా వారానికి ఒకటి రెండుసార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు చాలు.

ప్యాక్‌లో తెలుపు తెప్పించే క్రీము కలపడం అన్నిటికన్నా ప్రమాదం. అలాంటి క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడి, ఎర్రబడి, క్రీము మానగానే మంట పుడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది. ఇప్పటికే వాడుతున్నవారు ఇంటి ప్యాక్‌తో ఆ మంటను ఆర్పాలని చూడకుండా చర్మవ్యాధి నిపుణులను కలవాలి.

పొడి సరుకు గాలి చొరని సీసాలో నెలలపాటు ఉంటుంది. తడి కలిపింది మాత్రం నిల్వ ఉండదు, వానకాలంలో బూజు ఇంకా త్వరగా పడుతుంది. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోవాలి.