పన్నెండు గంటల సంచి

చెప్పులు గడప బయటే విడవండి. లోపలికొచ్చాక తలుపు వేసేయండి. ఫ్యాన్ జోలికి పోకండి. మే నెల బుక్కపట్నంలో, మిద్దె మీది గదిలో ఇది చిన్న సంగతి కాదు. కానీ ఈ అరగంట దుమ్ము లేవకూడదు. గదిలోని అబ్బాయి వాళ్లమ్మ మీ చేతికీ ఒక మాస్కు ఇస్తుంది.

అతను మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్నాడు. గోడ పొడుగునా అట్టపెట్టెలు. వాటిలో రెండేసి లీటర్ల ద్రవం సంచులు. రోజుకు నాలుగు మార్చాలి: పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. కడుపులోని పొరే ఇప్పుడు రక్తాన్ని వడపోస్తోంది. ఈ డయాలసిస్ పద్ధతిని సీఏపీడీ అంటారు.

పొట్ట నుంచి బయటికి వచ్చిన సన్నటి గొట్టానికి సంచి తగిలించాడు. ముందు లోపలున్న పాత నీళ్లు కిందికి దిగాలి. ఆ తర్వాత కొక్కేనికి వేలాడే కొత్త సంచిలోని ద్రవం లోపలికి ఎక్కాలి. దిగిన నీళ్లను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉంటే ఇన్‌ఫెక్షన్ చేరినట్టు, ఇక ఆసుపత్రికి పరుగే.

"తేటగానే ఉందిలేమా," అన్నాడు. తల్లి నోటుబుక్కులో బరువు రాసుకుంది.

ల్యాప్‌టాప్ మోగింది. బెంగళూరు నుంచి మేనేజరు, ఆ పక్క గడిలో హెచ్‌ఆర్. సంచి కనపడకుండా కెమెరా పైకెత్తాడు.

"నీ పనికి వంక పెట్టేదేం లేదు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్నది అందరికీ ఒకటే రూలు."

"పన్నెండింటికి నేనేం చేయాలి సార్?"

"మెడికల్ రూమ్ ఉంది కదా."

ఆ గది అతనికి తెలుసు. మంచానికి సరిగ్గా పైన ఏసీ గాలి, ఆపే స్విచ్చు లేదు. తలనొప్పి మాత్రకు వచ్చేవాళ్లతో తలుపు మూతపడదు. చేతులు కడుక్కోవాలంటే వరండాలోకి పోవాలి.

"పోనీ, హాస్పిటల్ డయాలసిస్‌కు మారొచ్చుగా?"

అదైతే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మెషిన్ పక్కనే. ఆ రోజుల్లో ఆఫీసు మాటేమిటో మేనేజరు చెప్పలేదు. హెచ్‌ఆర్ మాత్రం మర్యాదగా అంది: "డిసెబిలిటీ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయండి, మినహాయింపు చూస్తాం."

ఇక్కడే ముడి పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. హీమోఫిలియా, తలసేమియా, పార్కిన్సన్స్ అందులో ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు లేదు. డయాలసిస్ రోగులకు రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తుంది. పింఛను జాబితాలో కనపడే రోగం, వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపులో కనపడదు. నడిచే మనిషి, చూసే మనిషి. ఏ గడిలో రాస్తారు?

2020 మార్చిలో ఇదే కంపెనీ ఇంటి నుంచి పని చేయండని బతిమాలింది. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. తక్కిన కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి తలుపులు తెరిచాయి. ఇతని కంపెనీ వంతు ఇప్పుడొచ్చింది.

కాల్ ముగిసింది. "ఏమంటారు నాయనా, పోవల్లంటనా?"

"రమ్మంటాండారు మా."

"పోతే ఈ పెట్టెలన్నీ ఆ ఊర్లో యాడ పెట్టుకుంటావు? ఆరింటికి ట్రాఫిక్కులో ఇరుక్కుంటే బస్సులో ఏసుకుంటావా సంచి?"

అతను జవాబు తల్లికి చెప్పలేదు, మెయిల్లో టైపు చేశాడు. లోపల గడియ పడే గది, అందులోనే కుళాయి, ఏసీ ఆపే స్విచ్చు, పన్నెండింటికి అరగంట: ఇవి ఇస్తామని రాసివ్వండి, వస్తాను. ఇవ్వలేమంటే అదీ రాసివ్వండి. డాక్టరు లేఖ జతచేసి పంపాడు.

టీ చల్లారకముందే పోర్టల్ తిప్పిపంపింది: 'అభ్యర్థన అసంపూర్ణం. సర్టిఫికెట్ నంబరు లేదు.'

ఆ ఖాళీ గడిలో 'నా జబ్బుకు సర్టిఫికెట్ ఇచ్చే చట్టం ఇంకా లేదు' అని నింపి, ఈసారి మేనేజరు పైఅధికారిని కూడా చేర్చి, మళ్లీ పంపాడు.