ఎనభై నిమిషాల అపవాదు

1970 మేలో ‘లెట్ ఇట్ బీ’ సినిమా థియేటర్లకు వచ్చేసరికి బీటిల్స్ విడిపోయిన వార్త బయటపడి నెల దాటింది. లండన్ ప్రీమియర్‌కు నలుగురిలో ఒక్కరూ రాలేదు. ఇక తెరమీద ఏం కనిపించినా జనానికి అది విడాకుల ముందు కాపురంలాగే తోచింది. పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్ కాసేపు వాదించుకుంటే అదే పగ అన్నారు. జాన్ లెనన్ పక్కన అతని ప్రేయసి యోకో ఓనో కూర్చుంటే ఆమే కారణమన్నారు. దాదాపు 80 నిమిషాల ఆ సినిమా వేసిన ముద్ర అభిమానుల మనసుల్లో యాభై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

అసలు మొదలైంది వేరే ఉద్దేశంతో. కొత్త పాటలు కట్టి, జనం ముందు పాడి, దాన్ని టీవీలో చూపించాలనుకున్నారు. 1969 జనవరి 2న ట్వికెన్‌హామ్ స్టూడియోలో దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్ కెమెరాలు తిప్పడం మొదలుపెట్టాడు. కచేరీ లిబియాలోని పురాతన రంగస్థలంలో పెడదామన్నది ఆయన ముచ్చట. 10న జార్జ్ వాళ్లను వదిలి వెళ్లిపోయాడు. బతిమాలి తెచ్చుకున్నాక మకాం సవిల్ రోలోని తమ ఆఫీసు నేలమాళిగకు మారింది. 22న బిల్లీ ప్రెస్టన్ వచ్చి కీబోర్డు ముందు కూర్చోగానే గదిలో గాలే మారిపోయింది. లిబియా కల ఆఖరికి 30న అదే ఆఫీసు డాబా మీద తీరింది.

అప్పుడు మిగిలిన సరుకు సుమారు 60 గంటల ఫిల్ము, 150 గంటల శబ్దం. ఆ టేపుల్లో కొన్ని దొంగతనంగా బయటికొచ్చి దశాబ్దాలపాటు అభిమానుల మధ్య చేతులు మారాయి. చాలా టేపులు 2003లో నెదర్లాండ్స్‌లో పోలీసులకు దొరికాయి.

దర్శకుడు పీటర్ జాక్సన్ ఈ సరుకంతా చేతిలోకి తీసుకున్నాక ఒక చిక్కు ఎదురైంది. టేపుల్లో అన్ని శబ్దాలూ ఒకే ట్రాకులో కలిసిపోయాయి. పైగా తమ మాటలు రికార్డు కాకుండా ఉండాలని బీటిల్స్ కావాలనే గిటార్లు గట్టిగా వాయించేవారు. కంప్యూటరుకు గొంతునూ వాద్యాన్నీ వేరు చేయడం నేర్పాక ఆ గుట్టు కాస్తా బయటపడింది. థియేటర్లకని మొదలైన సినిమా కరోనా కాలంలో పెరిగి, ‘గెట్ బ్యాక్’ పేరుతో మూడు భాగాల్లో ఎనిమిది గంటలకు చేరింది. 2021 నవంబరు 25 నుంచి వరసగా మూడు రోజులు డిస్నీ ప్లస్‌లో వచ్చింది.

అభిమానులను ఊపేసిన దృశ్యం ఒకటుంది. జాన్ ఇంకా రాలేదు. పాల్ ఊరికే బేస్ గిటారును గీకుతూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. ఎదురుగా జార్జ్ ఆవులిస్తాడు. చూస్తుండగానే, నిమిషాల్లో, ‘గెట్ బ్యాక్’ పాట రూపుకడుతుంది. పాట పుట్టుక ఇంత నగ్నంగా దొరకడం అరుదు. ఇక యోకో సంగతి: పేపరు చదువుకుంటూ, తన పనేదో తాను చూసుకుంటూ కనిపిస్తుంది. ఆమె ఆంప్ మీద కూర్చున్నందుకే విడిపోయామని యాభై ఏళ్ల తర్వాత చెప్పుకుంటారని పాలే నవ్వుతాడు. అన్నంతా అయింది!

విసుగెత్తినవాళ్లూ ఉన్నారు. అదే పాట ఎన్నిసార్లు, ఆ టీలూ టోస్టులూ మాకెందుకన్నారు. నాకైతే ఆ విసుగే దీని విలువ. కత్తిరించిన దానిలో కోపం మాత్రమే మిగులుతుంది, కత్తిరించనిదాంట్లో పని కనిపిస్తుంది. ఆ తగాదాల నెల తర్వాతే వీళ్లు ‘ఆబీ రోడ్’ ఆల్బమ్ చేశారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అయితే ‘గెట్ బ్యాక్’ నిర్మాతల్లో పాల్, డ్రమ్మర్ రింగో, యోకో, జార్జ్ భార్య ఒలీవియా ఉన్నారని గుర్తుంచుకోవాలి. ఇంటివాళ్లు చెప్పిన ఇంటి కథ కాస్త తీపిగానే ఉంటుంది.

2022లో దీనికి అయిదు ఎమ్మీలొచ్చాయి. పాత ‘లెట్ ఇట్ బీ’ని కూడా శుభ్రం చేసి 2024 మేలో డిస్నీ ప్లస్‌లో పెట్టారు. రెండూ చూడదలిస్తే ముందు పాతదే చూడండి.