ఎర్ర బకెట్ నుంచి బడి దాకా

బెంగాల్ నాగపూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఖరగ్‌పూర్‌కు పట్టాలు వేసింది. ఆ వెనకే వర్క్‌షాపు లేచింది. ఆ పనికి ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. బాయిలర్ల దగ్గర, కొలుముల దగ్గర పెద్దలు నిప్పును చేతులతోనే నేర్చుకున్నారు. పిల్లల వంతుకు మాత్రం ‘నిప్పు జోలికి పోకు’ అన్న గద్దింపే మిగిలింది. ప్లాట్‌ఫారం మీద మంటలార్పడానికి ఇసుకతో వేలాడే ఎర్ర బకెట్లను చూసే ఉంటారు. వాటిలో కొన్నింటికి అడుగు గుండ్రంగా ఉంటుంది. కింద పెడితే నిలవదు కాబట్టి ఇంటివాడకానికి ఎవరూ ఎత్తుకుపోరు!

పిల్లల చేతికి ఆ బకెట్ అందించినవాళ్లలో స్కౌట్లు ముందుంటారు. పొగలో నేలకు దగ్గరగా పాకమని స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ 1908లోనే రాశాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమనీ అన్నాడు. తడిగుడ్డ విషవాయువును ఆపలేదు గానీ, పాకమన్న మాట నేటికీ సరైనదే. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. అందులో రైల్వేలకూ సొంత శాఖలున్నాయి.

నిప్పు గురించి పిల్లలకు చెప్పే మరో సందర్భం అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాల ఓడ బద్దలై అగ్నిమాపక సిబ్బంది అనేకులు బలయ్యారు. వారి స్మృతిలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాలు జరుగుతాయి. కొన్నిచోట్ల అక్కడి ప్రదర్శనలో మంటలార్పే సిలిండర్ పట్టుకునేది సిబ్బందే, పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. దాన్ని నేర్పడమంటే ఒప్పుకోలేను.

2004 జూలై 16న కుంభకోణం బడిలో వంటశాల నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘటన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు బడుల్లో అగ్నిమాపక సాధనాలుండాలనీ, సిబ్బందికి వాటి వాడకంలో శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది. సాధనాలు గోడకెక్కితే సరిపోదు. పిన్ను ఊడబీకి, మంట మొదలును గురిచూసి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపడం పెద్ద తరగతుల పిల్లలు ఒక్కసారైనా చేసి చూడాలి. చిన్నపిల్లలు మంట ఆర్పబోకూడదు. బయటికి పరుగెత్తి పెద్దలకు చెప్పడం, 101కి ఫోన్ చేయడం, బట్టలంటుకుంటే ఆగి, ముఖం కప్పుకుని నేల మీద దొర్లడం వాళ్ల పాఠం. మరిగే నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దని, పొయ్యి ఆపి మూత పెట్టాలని ఇంట్లో అమ్మలకూ తెలియాలి.

ఈ పాఠాలు సొంత భాషలో చెబితేనే తలకెక్కుతాయి. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. అది ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాలపు కోరిక. ఈసారి వారోత్సవాల్లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులోనూ సూచనలు చెప్పమని, సిలిండర్‌ను పెద్ద తరగతుల పిల్లల చేతికివ్వమని బడి పెద్దలను అడగండి.