సంఖ్యాబలము కాపాడలేని పక్షి

1810 ప్రాంతమున అలెగ్జాండర్ విల్సన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఆకాశమును కప్పివేసిన ఒక పావురముల గుంపును చూచి, దానిని లెక్కకట్ట బూనెను. గుంపు వెడల్పు ఒక మైలనియు, వేగము నిమిషమునకు మైలనియు అతడు అంచనా వేసెను. అది సాగిపోవుటకు నాలుగు గంటలు పట్టినది. అనగా దాని వైశాల్యము 240 చదరపు మైళ్ళు. చదరపు గజమునకు మూడు పక్షుల చొప్పున గుణింపగా 223 కోట్లకు పైగా తేలినది. ఇవియే ‘ఎక్టోపిస్టెస్ మైగ్రటోరియస్’ అను శాస్త్రీయనామము గల వలస పావురములు. నేడు భూమిపై వీనిలో ఒక్కటియు లేదు.

బీచ్, ఓక్, చెస్ట్‌నట్ చెట్ల కాయలు వీని ముఖ్యాహారము. ఈ చెట్లు ఏటేటా ఒకే తీరున కాయవు. ఒక ఏడు ఒకచోట, మరొక ఏడు మరొకచోట విరగకాయును. కాపున్న అడవిని వెదకుచు పావురములు వందల మైళ్ళు తిరిగెడివి. అవి వ్రాలినచోట బరువునకు కొమ్మలు విరిగి, నేలకు ఎండ సోకెడిది; రెట్ట పొరలుగా పడి మన్నులో కలిసెడిది. జంటకు ఒక్కటే గ్రుడ్డు. డేగలు, నక్కలు ఎన్ని పిల్లలను తిన్నను గుంపులో ఆ లోటు కనబడెడిది కాదు. గుంపే వానికి కోట.

1857లో ఒహైయో రాష్ట్ర శాసనసభకు చెందిన ఒక సంఘము, ఈ పక్షికి రక్షణ అనవసరమని నివేదిక యిచ్చెను. ఇంతలో రైలుమార్గములు, తంతి తీగలు వ్యాపించినవి. గూళ్ళు కట్టినచోటు తంతి ద్వారా తెలియగానే వేటగాండ్రు రైళ్ళలో వచ్చి, వలలతో, తుపాకులతో పట్టి, పక్షులను పీపాలకెత్తి నగరములకు పంపెడివారు. 1878లో మిచిగన్ రాష్ట్రమందలి పెటోస్కీ వద్ద ఇట్టి సంహారము జరిగినది. మరియొకవైపు అడవులు నరకబడుచుండెను.

అయినను వేల పక్షులు మిగిలియుండగా జాతి ఏల కోలుకొనలేదు? గుంపు చిన్నదైనపుడు జీవులకు కలుగు నష్టమును వార్డర్ ఆలీ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు 1930 దశకములో పరిశీలించెను. ఆ దృష్టితో చూచినచో, చిన్న గుంపుల గూళ్ళకు శత్రువులనుండి పూర్వపు రక్షణ లేకపోయినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో ‘మార్తా’ అను ఆడుపక్షి మరణించుటతో ఈ జాతి అంతరించినది.

మ్యూజియములలోని పక్షుల జన్యుపదార్థమును 2017లో పరిశీలించి, ఈ జాతి సంఖ్య అంతకుముందు సుమారు 20,000 సంవత్సరములు నిలకడగా ఉండెనని కనుగొనిరి. అట్టి జాతి నూరేండ్లకు కొంచెము మించిన కాలములో రూపుమాసినది. 1857 నాటి సంఘము ఎగురుచున్న పక్షులను చూచెను. గూటినుండి ఎన్ని పిల్లలు ఎగిరిపోగలుగుచున్నవో చూడవలసియుండెను.