ప్లీడరు గుమాస్తా చదువు

మా పిన్ని కూతురిది తాడేపల్లిగూడెం. పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళింది. కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని విసుగొచ్చి, అక్కడి కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ కోర్సులో చేరింది. సెమిస్టరు సగంలో ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇదంతా మన తాతయ్య పనే కదా! దీనికి ఇక్కడ డిగ్రీ ఇస్తున్నారు" అంది.

తాతయ్య ఏలూరులో ప్లీడరు గుమాస్తా. దావా కాగితాలు వరసలో కుట్టడం, కోర్టు ఫీజు లెక్కగట్టడం, సమన్లకి బత్తా కట్టడం, నకళ్ళకి అర్జీ పెట్టడం, వాయిదాలు డైరీకెక్కించడం ఆయన పని. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్రోనోటు మీద దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళు. దాటితే నోటు మురిగిపోతుంది. ఈలోపు బాకీదారు చేత ఎంతో కొంత కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే మళ్ళీ మూడేళ్ళు. ఈ తేదీలన్నిటికీ తాతయ్య దగ్గర విడిగా ఒక పుస్తకం ఉండేది. నేను ఇప్పుడు ఆఫీసులో, సర్వర్ సర్టిఫికెట్ల గడువు ముగిసేలోపు అలర్టులు పంపే కోడ్ రాస్తుంటాను. పెద్ద తేడా ఏం లేదు, జీతంలో తప్ప.

అమెరికాలో ఈ పనికి వృత్తిగా ఒక పేరూ, ఒక చదువూ ఏర్పడింది 1960ల చివర్లోనే. మన దగ్గర కథ తిరగబడి నడిచింది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద కోర్టు పనివాళ్ళలో చాలా మెట్లుండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష పాసైతే, బి.ఎ. లేకపోయినా కింది కోర్టుల్లో వాదించొచ్చు. టంగుటూరి ప్రకాశం మొదలుపెట్టింది అక్కడే. బారిస్టరు చదువు తర్వాతి సంగతి. 1961 అడ్వకేట్స్ చట్టం ఈ గ్రేడులన్నీ ఎత్తేసి, అందరూ అడ్వకేట్లే అంది. మంచిదే. కానీ నిచ్చెనకి కింది మెట్లు పోయాయి. చట్టం చేతివేళ్ళ మీదున్న గుమాస్తా చివరిదాకా గుమాస్తాగానే ఉండిపోయాడు. 1992లో మన రాష్ట్రం వాళ్ళకి సంక్షేమ నిధి చట్టం చేసింది గానీ, చదువు సంగతి ఎవరికీ పట్టలేదు.

పల్లెల్లో కాగితం చదివేది కరణం. వంశపారంపర్యం, ఒకే కులం గుప్పిట్లో విద్య, దస్త్రం ఇంట్లో పెట్టె లోపల. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. రద్దుచెయ్యాల్సిందే. కాకపోతే కరణం పోయాడు గానీ అడంగల్ ఉండిపోయింది. దాన్ని చదివిపెట్టే మనిషి ఎవరు?

ఈ ప్రశ్న నాకు 2006లో ఎదురైంది. కొల్లేరుని ఐదో కాంటూరు వరకూ అభయారణ్యం చేస్తూ 1999లో ప్రభుత్వం 120 నంబరు జీవో ఇచ్చింది. 308 చదరపు కిలోమీటర్లు. ఏడేళ్ళ తర్వాత చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలంటే గట్లు పోవాలి, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ వేసవిలో లంక గ్రామాలవాళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకొచ్చేవాళ్ళు. తాతయ్య అప్పటికి పని మానేశారు, చూపు ఆనేది కాదు. నేను చదివితే ఆయన విని రెండు దొంతరలు పెట్టించేవారు: ఇటు జిరాయితీ, అటు సొసైటీ, డి-పట్టా. జిరాయితీ అయితే సొంత ఆస్తి, అడగడానికో హక్కుంది. రెండోదైతే బతిమాలడమే. చాలామందికి తమది ఏ దొంతరో అప్పటిదాకా తెలీదు. ఇరవై ఏళ్ళు అదే నీళ్ళలో బతికినవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఇందిరా క్రాంతి పథం వాళ్ళు ఊళ్ళల్లోని యువతకి భూమి చట్టాలు నేర్పి, పేదల భూములకోసం పారాలీగల్స్‌గా పెట్టారు. అదీ సరైన ఆలోచన: కరణం విద్య, కరణం కులం లేకుండా. 2009లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. పదో తరగతి చదివితే చాలు, అంగన్‌వాడీ కార్యకర్తలూ చేరొచ్చు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుల విషయంలో స్టేషన్లలో వీళ్ళు ఉండాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరులోనే ఉంది చూడండి, వాలంటీరు. పనిచేసిన రోజుకి ఇంతని గౌరవ వేతనం. గుమాస్తాకి ఉద్యోగం ఉంది, చదువు లేదు. వీళ్ళకి శిక్షణ ఉంది, ఉద్యోగం లేదు. ఏలూరులో లా కాలేజీ ఉంది, గూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. ఈ రెంటికీ మధ్య ఒక రెండేళ్ళ కోర్సు పట్టదా?

చెల్లికి మొదటివారంలో నేర్పిన పాఠం, పారాలీగల్ న్యాయసలహా ఇవ్వకూడదని. ఇస్తే నేరం. "మరి తాతయ్య అరుగు మీద చేసిందేంటి?" అంది. ఆ పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి పంపాను. కొన్ని పేర్ల పక్కన 'చె' అని ఉంది, అదేంటని అడిగింది. చెల్లు అని చెప్పాను. లేని పేర్ల సంగతి అడిగితే, అవి మురిగినవి అన్నాను.