ఇజారా కాలం: దుబాయి పార్కింగు ఒప్పందం వెనక ఉన్న చరిత్ర

దుబాయిలో ఇల్లు అద్దెకు తీసుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ‘ఎజారీ’ అన్న మాట తెలుసు. అద్దె ఒప్పందాన్ని నమోదు చేయించుకున్నట్టు చూపే ఆ కాగితం లేనిదే కరెంటు కనెక్షను రాదు, భార్యాబిడ్డలకు వీసా రాదు. అరబీలో ఆ మాటకు ‘నా అద్దె’ అని అర్థం. మన ‘ఇజారా’ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. ‘కౌలు’ సైతం అరబీ మాటే. ‘ఖౌల్’ అంటే పలికిన మాట, ఇచ్చిన మాట. ఈ రెండూ ఫార్సీ మీదుగా దక్కను దర్బారుల్లోకి, అక్కడి నుంచి మన పొలాల్లోకి దిగివచ్చాయి. అయితే తెలుగులో రెండూ ఒకటి కావు. కౌలుదారు పొలం దున్నుకుంటాడు. ఇజారాదారు దున్నడు, వసూలు చేసుకునే హక్కును కొనుక్కుంటాడు.

డేరాలోని సబ్ఖా, నాయిఫ్ వంటి చోట్ల ఉన్న బహుళ అంతస్తుల పార్కింగు భవనాలను చూసినప్పుడు ఈ తేడా గుర్తు చేసుకోవడం మంచిది. అవి ప్రభుత్వ భవనాలు. దుబాయిలో డబ్బు కట్టి కారు నిలిపే పద్ధతి 1995లో మునిసిపాలిటీ చేతుల మీదుగా మొదలైంది. 2005లో రోడ్లు, రవాణా ప్రాధికార సంస్థ (ఆర్‌టీఏ) ఏర్పడ్డాక ఆ పని దానికి దఖలు పడింది. 2023లో చేసిన 30వ నంబరు చట్టంతో ‘పార్కిన్’ అనే కంపెనీ పుట్టింది. భవనాలూ, వీధుల పక్కన గీసిన గళ్ళూ ప్రభుత్వానివిగానే ఉంటాయి; వాటిని నడిపి రుసుము వసూలు చేసే హక్కు 49 ఏళ్ళ పాటు పార్కిన్‌ది. ఇందుకు ఆ కంపెనీ ఆర్‌టీఏకు ముందుగా చెల్లించిన మొత్తం 110 కోట్ల దిర్హాములు. 2024 మార్చిలో 24.99 శాతం వాటాను, షేరు 2 దిర్హాముల 10 ఫిల్సుల చొప్పున, ప్రజలకూ సంస్థలకూ అమ్మారు. వచ్చింది 157 కోట్ల దిర్హాములు. అమ్మకానికి పెట్టిన దానికి 165 రెట్ల గిరాకీ వచ్చింది. మనవాళ్ళు కూడా చాలామంది దరఖాస్తు పెట్టారు. పొద్దున కారు నిలిపి 7275కి మెసేజి పంపి రుసుము కట్టేవాడూ, సాయంత్రం ఆ రుసుములో తన వంతు లాభం ఎంతని లెక్క వేసుకునేవాడూ ఒకే మనిషి కావడం ఈ వ్యవహారంలోని చిన్న వింత.

పత్రికల భాషలో ఇదొక నూతన ఆర్థిక విధానం. తెలుగునాట చరిత్ర చదివినవారికి మాత్రం పాత పరిచయమే. హైదరాబాదు రాజ్యంలో పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో జిల్లాల శిస్తు వసూలు తాలూక్‌దార్లకు ఇజారాగా పోయేది. ఖజానా ఖాళీగా ఉన్న ప్రభువుకు రొక్కం ఇప్పుడే కావాలి. రైతు మెల్లగా కడతాడు. ఆ రెంటి నడుమ ఉన్న కాలాన్ని ఇజారాదారు కొనుక్కునేవాడు. 1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని క్రమంగా తొలగించి, 1865లో జిల్లాబందీతో జీతగాళ్ళైన అధికారుల చేత వసూలు చేయించే ఏర్పాటు తెచ్చాడు. ఆయన మీద చరిత్రకారులు కురిపించిన పొగడ్తల్లో కొంత అతిశయోక్తి ఉండవచ్చు గానీ, ఈ ఒక్క పనికి మాత్రం అవి తగినవే. ఇజారాలో రాజ్యం పోగొట్టుకునేది సొమ్ము మాత్రమే కాదు. ఆ కాలంలో తన మనసు మార్చుకునే స్వేచ్ఛ కూడా.

ఈ సంగతి గల్ఫు పాలకులకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. 1937లో దుబాయి, 1939 జనవరిలో అబూ ధాబీ తమ నేలలో చమురు వెతికే హక్కును ఇరాక్ పెట్రోలియం కంపెనీ అనుబంధ సంస్థలకు రాసిచ్చాయి. రెండూ 75 ఏళ్ళ ఒప్పందాలు. ముత్యాల వ్యాపారం కూలిపోయి ఊళ్ళు పస్తులున్న రోజులవి. చెలామణిలో ఉన్నది మన రూపాయే. షేక్ షఖ్‌బూత్ సంతకం చేసిన నాటికి అబూ ధాబీలో చుక్క చమురు బయటపడలేదు. చమురు దొరికింది 1958లో, ఎగుమతి మొదలైంది 1962లో. 1974 నాటికి ప్రభుత్వం 60 శాతం వాటా తన చేతికి తెచ్చుకుంది గానీ, నేల మీది పాత ఒప్పందం గడువు తీరింది 2014 జనవరిలోనే. సంతకం నాటికి పుట్టని మనుషులు, ముగింపు నాటికి తాతలయ్యారు. ఆ తరువాత 2015 నుంచి ఇచ్చిన కొత్త హక్కుల గడువు 40 ఏళ్ళకు తగ్గడం గమనించదగినది.

అలా 75 ఏళ్ళ ఒప్పందం రుచి ఇచ్చేవాడిగా చూసిన అబూ ధాబీ, పుచ్చుకునేవాడిగా కనిపించిన చోటు ఎడారికి చాలా దూరంలో ఉంది. ఆ ఊరు షికాగో.

షికాగో నగరం మొదట 2006లో, మిలీనియం పార్కు, గ్రాంట్ పార్కుల కింద ఉన్న నాలుగు భూగర్భ గరాజులను మోర్గన్ స్టాన్లీకి చెందిన సంస్థకు 99 ఏళ్ళకు లీజుకిచ్చింది. ధర 56.3 కోట్ల డాలర్లు. దగ్గరలో పోటీగా మరో గరాజును ప్రజలకు తెరవనివ్వమని నగరం మాట ఇచ్చింది. కొన్నాళ్ళకు పక్కనే ఆక్వా అనే ఆకాశహర్మ్యం లేచింది. వాస్తుశిల్పి జీన్ గాంగ్ గీసిన అందమైన కట్టడం అది. దాని గరాజును బయటివారికీ తెరవడానికి నగర అధికారులే అనుమతిచ్చారు. మధ్యవర్తుల తీర్పు ప్రకారం నగరం లీజుదారుకు 5.78 కోట్ల డాలర్ల పరిహారం బాకీ పడింది. వడ్డీతో అది ఇంకా పెరిగింది. తన వీధిలో ఒక భవనానికి మామూలు అనుమతి ఇచ్చినందుకు నగరం తన అద్దెదారుకు జరిమానా కట్టింది! లీజు పుచ్చుకున్నవారు కూడా బాగుపడలేదు. తెచ్చిన అప్పు తీర్చలేక 2014లో ఆ హక్కు రుణదాతల పాలైంది.

గరాజుల బేరం తరువాత వీధుల వంతు వచ్చింది. 2008 డిసెంబరు 2న మేయర్ డేలీ సుమారు 36,000 మీటర్ల పార్కింగును 75 ఏళ్ళకు 115 కోట్ల డాలర్లకు ఇస్తున్నట్టు ప్రకటించాడు. 4వ తేదీన నగర సభ 40-5 వోట్లతో ఆమోదించింది. ఆపరేషనుకు ముందు రోగి చేత అంగీకారపత్రం మీద సంతకం పెట్టించడం నా వృత్తిలో నిత్యకృత్యం. చదివి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వని సంతకాన్ని మేము సంతకంగా లెక్కపెట్టం. ఇక్కడ 75 ఏళ్ళకు రెండు రోజులు! నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ డేవిడ్ హాఫ్‌మన్ 2009లో లెక్కగట్టి, ఆ హక్కు విలువ కంటే నగరానికి 97.4 కోట్ల డాలర్లు తక్కువ ముట్టాయని తేల్చాడు. పేటల్లో గంటకు పాతిక సెంట్లున్న రుసుము మొదటి ఏడాదే డాలరు అయింది. ఉత్సవానికో మరమ్మత్తుకో వీధి మూసినా, గళ్ళు తీసేసినా ఆ నష్టం నగరమే పూడ్చాలి. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కొద్ది ఏళ్ళలోనే బడ్జెట్ లోట్లకు కరిగిపోయింది. గడువు మాత్రం 2083 దాకా ఉంది. ఆ మీటర్ల కంపెనీలో 24.9 శాతం వాటా, టానడైస్ అనే సంస్థ ద్వారా, అబూ ధాబీ ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీకి దక్కింది. 1939లో ఎదురుగా కూర్చున్న కంపెనీవారికి ఏం తెలుసో, 2008 నాటికి అబూ ధాబీకి అదంతా తెలుసు: బీదతనంలో ఉన్న పక్షం కాలాన్ని చవకగా అమ్ముకుంటుంది.

ఇక దుబాయికి తిరిగి వస్తే, పోలికకు ఒక హద్దు ఉంది. పార్కిన్‌లో 75.01 శాతం ఇప్పటికీ ప్రభుత్వానికి చెందిన దుబాయి ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌దే. కుడిజేబులోంచి ఎడమజేబులోకి మార్చారని ఎగతాళి చేసేవారున్నారు. ఆ ఎగతాళి సరైనది కాదని నా అభిప్రాయం. జేబు తన ఒంటి మీదే ఉండడం చిన్న విషయం కాదు. షికాగోకు లేనిది అదే. రుసుము మార్చే నిర్ణయం కూడా ఆర్‌టీఏ నోటి నుంచే వచ్చింది. ముఖ్య ప్రాంతాల్లో పొద్దున 8 నుంచి 10 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా గంటకు 6 దిర్హాములన్న మార్పును 2024 నవంబరులో అది ప్రకటించింది; 2025 ఏప్రిల్ 4 నుంచి అమలైంది. రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా, ఆదివారాలూ ఉచితంగానే ఉంచారు.

కానీ ఆ మిగిలిన 24.99 శాతం ఉంది. రద్దీ తగ్గించడానికే రుసుము పెంచామని ఆర్‌టీఏ అంటుంది. షేరుదారుకు అది ఆదాయం. కార్లు నిజంగానే తగ్గి జనం మెట్రో ఎక్కితే ఆర్‌టీఏ ధ్యేయం నెరవేరినట్టు, షేరుదారుకు నష్టం వచ్చినట్టు. 2024 డిసెంబరులో దుబాయి ‘దుబాయి వాక్’ పేరిట 2040 నాటికి 6,500 కిలోమీటర్ల నడకదారుల ప్రణాళిక ప్రకటించింది. డేరా వంటి ఇరుకు పేటల్లో నడకదారికి చోటు ఎక్కడి నుంచి వస్తుంది? కారు నిలిపే గడిలోంచే రావాలి. మునిసిపాలిటీ నాటి రోజుల్లో గడి చెరిపేయడానికి ఒక సున్నం డబ్బా చాలు. ఇప్పుడు ప్రతి గడికీ షేర్ మార్కెట్టులో ఒక ధర ఉంది. రుసుము కట్టే మనబోటి ప్రవాసులకు ఇక్కడ వోటు లేదు, నగర సభ లేదు. ప్రశ్నించే హక్కు కాస్తో కూస్తో షేరుదారుగానే దక్కుతుంది. షేరుదారు అడిగేదేమో నడకదారి గురించి కాదు.

హైదరాబాదులో ఇటువంటిదే మరో రూపంలో నాంపల్లి మెట్రో స్టేషను దగ్గర లేచింది. హైదరాబాదు మెట్రో రైల్ సంస్థకు చెందిన అర ఎకరం స్థలంలో ప్రైవేటు భాగస్వామి పెట్టుబడితో కట్టిన యాంత్రిక పార్కింగు భవనమది. పది అంతస్తులు కార్లకు. ఐదు అంతస్తులు దుకాణాలకు, రెండు సినిమా తెరలకు. ఒప్పందం 50 ఏళ్ళు. పార్కింగు రుసుముతో మాత్రమే ఇటువంటి భవనం ఖర్చు తిరిగి రాదు కనుక దుకాణాల అద్దె తోడు కావాలి. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఒక సంగతి మాత్రం ఆ భవనం నమూనాలోనే ఉంది. సబ్ఖా గరాజులో మనిషి ర్యాంపు మీదుగా కారు నడుపుకుంటూ పైకి వెళతాడు. రేపు కార్లు తగ్గితే గోడలు కట్టి అక్కడ మరేదైనా పెట్టుకోవచ్చు. నాంపల్లిలో కారు కింద దిగవిడిస్తే యంత్రం దాన్ని పళ్ళెంలో పెట్టి అరలోకి చేరుస్తుంది. ఆ అరల్లో మనిషి నడిచే నేల లేదు. 50 ఏళ్ళ తరువాత భవనం మెట్రో సంస్థ చేతికి తిరిగి వచ్చేటప్పుడు, మరో పనికి మళ్ళించుకోగలిగినవి దుకాణాలున్న ఆ ఐదు అంతస్తులే.